పక్షవాతం తర్వాత మనిషి మారిపోతే: గేటు దగ్గర నన్ను అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్టుని. నెల్లూరు, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, అప్పుడప్పుడు కావలి దాకా ఇళ్ళకు వెళ్ళి, పక్షవాతం వచ్చినవాళ్ళ చేత వ్యాయామాలు చేయిస్తుంటాను. మంచం దగ్గర ఉన్నంతసేపూ అందరూ చెయ్యి గురించీ కాలు గురించే అడుగుతారు. నేను చెప్పులేసుకుని గేటు దాకా వచ్చాక వెనకాలే ఒకరు వస్తారు, ఎక్కువగా భార్యో కోడలో. లోపలికి వినపడకుండా గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న అడుగుతారు. ఇంట్లో మనిషి మారిపోయాడని చెప్పుకోవడం చాలామందికి నామోషీగా ఉంటుంది. అలా అడిగినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మందుల సంగతి న్యూరాలజిస్టో సైకియాట్రిస్టో చెప్పాలి. ఇంట్లో ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, మీ చేతిలో ఏముంది అన్నవరకే నేను చెబుతాను.

చెయ్యీ కాలూ తిరిగొచ్చాయి మేడమ్. మా నాయన మాత్రం తిరిగి రాలేదు. పక్షవాతం వచ్చింది చెయ్యికి కదా?

చెయ్యికి కాదు, మెదడుకు వచ్చింది. పక్షం అంటే పక్క. ఒక పక్క పడిపోవడం కళ్ళకు కనపడుతుంది కాబట్టి జబ్బుకు ఆ పేరు నిలిచిపోయింది. అసలు దెబ్బ తలలో ఉంది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళం గడ్డతో మూసుకుపోయినా, చిట్లి రక్తం కారినా, ఆ నాళం మీద బతికే భాగం పాడవుతుంది. ఎక్కువమందిలో జరిగేది మూసుకుపోవడమే.

పెన్నా కాలవల కింద సేద్యం చేసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. ఏ తూముకు నీళ్ళు ఆగితే ఆ తూము కింది మళ్ళే ఎండుతాయి. మెదడులో ఒక చోటు చేతిని కదిలిస్తుంది, ఒక చోటు మాట వెతికి ఇస్తుంది, ఇంకొక చోటు కోపాన్ని పట్టి ఆపుతుంది, మరొకటి రేపు చెయ్యాల్సిన పనిని గుర్తుపెట్టుకుంటుంది. చెయ్యి కదిలించే చోటు తప్పించుకుని కోపం ఆపే చోటు దెబ్బతింటే, మనిషి చక్కగా నడుస్తూనే ఉంటాడు, ఇల్లు మాత్రం అల్లకల్లోలం అవుతుంది.

అందుకే మీ డాక్టరును ఒక్క మాట అడగండి: దెబ్బ మెదడులో ఏ పక్కన, ఏ భాగంలో తగిలింది? స్కాన్ రిపోర్టు పారేయకండి. చాలా ఇళ్ళలో ఫిల్ములు దాస్తారు, కాగితం పోగొడతారు. పనికొచ్చేది ఆ కాగితమే.

మా అత్త కంచంలో సగం అన్నం వదిలేసి, నేను కూర వెయ్యలేదని నలుగురిలో చెబుతోంది. నేనేం పాపం చేశాను?

మీరేమీ చెయ్యలేదు. ఆమె అబద్ధమూ చెప్పడం లేదు. ఆమె లెక్కలో ఆ కూర కంచంలో లేదు.

కుడి పక్క మెదడు దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమ పక్క ఉన్నవాటి మీద ధ్యాస పోతుంది. కళ్ళు బాగానే ఉంటాయి. అద్దాలు మార్పించినా లాభం ఉండదు, ఎందుకంటే పోయింది చూపు కాదు. కంచంలో ఎడమ సగం అలాగే ఉండిపోతుంది. తల కుడి పక్కే దువ్వుకుంటారు. మగవాళ్ళు కుడి చెంపే గీసుకుంటారు. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకుంటుంది. ఎడమ పక్క నిలబడి పిలిస్తే కుడి వైపు తిరిగి మన కోసం వెతుకుతారు. తమ ఎడమ చెయ్యి కుర్చీకీ గోడకీ మధ్య నలుగుతున్నా పట్టదు.

బుచ్చి దగ్గర ఒకింట్లో ఈ కంచం గొడవ మీదే కోడలు అలిగి పుట్టింటికి వెళ్ళిపోయింది. తర్వాతి వారం నేను వెళ్ళేసరికి పెద్దామె భోజనం చేస్తోంది. ఆమె చెయ్యి ఆపేదాకా చూసి, ఏమీ అనకుండా కంచం అర చుట్టు తిప్పాను. "ఇప్పుడు వేశారు చూడు" అని మళ్ళీ తినడం మొదలుపెట్టింది. కొడుకు గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి భార్యను తీసుకురావడానికి వెళ్ళాడు.

మీరు చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. కంచం తిప్పండి. కంచానికి ఎడమ పక్కన ఎర్ర గుడ్డ ముక్క పెట్టి, "ముందు ఎర్ర గుడ్డ కనపడేదాకా తల తిప్పు అత్తా, తర్వాత తిను" అని ప్రతి పూటా చెప్పండి. కబుర్లు చెప్పేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి. ఎడమ చేతిని ఆమె కుడి చేత్తోనే రుద్దుకోమనండి. మంచినీళ్ళ చెంబు, పిలిచే గంట మాత్రం కుడి పక్కే ఉండాలి. అవసరానికి అందాల్సినవాటితో శిక్షణ పెట్టుకోకూడదు. పొయ్యి దగ్గరికి, రోడ్డు మీదికి ఒంటరిగా పంపకండి. చాలామందికి మొదటి మూడు నెలల్లో ఇది బాగా తగ్గుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది.

ఇంకొందరికి రెండు కళ్ళలోనూ ఒక సగం చూపే పోతుంది. అది వేరు. వాళ్ళలో చాలామంది ఆ సంగతి గమనించి, తల తిప్పి చూడడం నేర్చుకుంటారు.

"చెయ్యి లేపు" అంటే "లేపాను కదా" అంటాడు. లేపలేదు. మాతో ఆటలాడుతున్నాడా?

లేదు. ఫ్రాన్సు న్యూరాలజిస్టు జోసెఫ్ బబిన్‌స్కీ 1914లోనే దీనికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టాడు. చెయ్యి కదలడం లేదన్న కబురు మెదడులో ఎక్కడికి చేరాలో ఆ చోటే దెబ్బతింటే, మనిషికి తన జబ్బు తనకే తెలియదు. మీరెంత వాదించినా ఆయనకు మీరే అబద్ధాలాడుతున్నట్టు ఉంటుంది.

వాదన మానేసి పడిపోకుండా చూసుకోండి. ఇది ఉన్నవాళ్ళు అర్ధరాత్రి "నేను వెళ్ళగలను" అని లేచి బాత్రూముకు బయలుదేరతారు. తుంటి ఎముక విరిగి ఆరు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోయిన ఇళ్ళు నేను చూశాను. మంచం ఎత్తు తగ్గించండి, రాత్రంతా చిన్న లైటు ఉంచండి, పడుకునే ముందు ఒకసారి బాత్రూముకు తీసుకెళ్ళండి. ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తనంతట తానే తగ్గుతుంది.

మాట పడిపోయింది. నా పేరు కూడా పలకలేడు. కోపం వస్తే బూతులు మాత్రం స్పష్టంగా వస్తున్నాయి. ఇది నాటకం కాదా?

ఈ అనుమానం రాని ఇల్లు లేదు. కాబట్టి వివరంగా చెబుతాను.

ఆలోచించి పలికే మాట వేరు, అలవాటుగా దొర్లే మాట వేరు. మొదటిదానికి చాలామందిలో ఎడమ పక్క మెదడు కావాలి. ఒకటి నుంచి పది దాకా అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యం, "గోవిందా", తిట్టు ఇవన్నీ పూసల దండలాగా ఒకటి పట్టుకుంటే మిగతావి జారివస్తాయి. అందుకే మంచినీళ్ళు అడగలేని మనిషి భజనలో గొంతు కలుపుతాడు. పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గర "టాన్" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ పలకలేని రోగి ఉండేవాడు. 1861లో ఆయన చనిపోయాక మెదడు పరీక్షిస్తే ఎడమ పక్క ముందు భాగంలో దెబ్బ కనపడింది. మాటకు మెదడులో ఒక చోటు ఉందని లోకానికి నమ్మకం కుదిరింది అప్పటి నుంచే.

దీనికి రెండు ముఖాలున్నాయి. ఒకరికి అన్నీ అర్థమవుతాయి, మాట బయటికి రాదు. వాళ్ళు చెమటలు పట్టేలా వెతుక్కుని, దొరక్క చెయ్యి విసిరికొడతారు. ఇంకొకరికి మాటలు ధారగా వస్తాయి, అర్థం ఉండదు, మనం చెప్పిందీ సరిగా ఎక్కదు. రెండోవాళ్ళను చూసి మతి పోయిందనుకుంటారు. మతి పోలేదు, మాటల సంచి చిరిగింది.

టీవీ ఆపండి. ఒక్కరే మాట్లాడండి. చిన్న ప్రశ్న అడిగి, మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఆ పది లెక్కపెట్టే ఓపికే ఇంట్లో ఎవరికీ ఉండదు, ఆయనకు కావాల్సింది అదే. "ఏం కావాలి?" కన్నా "మజ్జిగా? మంచినీళ్ళా?" అని రెండూ చూపించి అడగడం మేలు. తల ఊపినా నమ్మేయకండి, అవుననబోయి కాదనడం ఈ జబ్బులో మామూలు. ఇంకోసారి తిప్పి అడగండి. "నోరు రాకపోతే రాసి చూపించు" అని పలకా బలపం ఇస్తారు కొందరు. మాట పోయినవాళ్ళలో ఎక్కువమందికి రాతా చదువూ కూడా దెబ్బతింటాయి. అది ఇచ్చి ఇంకోసారి అవమానించినట్టవుతుంది. ఆయనకు చెవుడు లేదు, అరవకండి. ఆయన ముందే ఆయన గురించి "ఈయనకేం తెలుస్తుంది" అనకండి. తెలుస్తుంది.

మనవడు "తాతా" అన్నా ఏడుస్తాడు. మొన్న చావింట్లో నవ్వాడు. బంధువుల ముందు తల ఎత్తుకోలేకపోయాం.

ఏడుపునూ నవ్వునూ పట్టి ఉంచే పగ్గం వదులైంది. లోపల దుఃఖం లేకపోయినా ఏడుపు వస్తుంది, సంతోషం లేకపోయినా నవ్వు వస్తుంది. ఒక నిమిషమో రెండు నిమిషాలో ఉండి, మొదలైనంత హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ తర్వాత ఆయన ముఖం చూడండి, సిగ్గుతో తల దించుకుంటాడు.

"ఏడవద్దు, ఏడవద్దు" అంటే ఇంకా పెరుగుతుంది. మాట మార్చండి. "గట్టిగా ఊపిరి పీల్చు నాయనా" అనండి, కూర్చునే తీరు మార్పించండి, ఏదో ఒక వస్తువు చేతికివ్వండి. బంధువులకు ముందే ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పండి: "ఆయనకు జబ్బు వల్ల నవ్వు వస్తుంది, పట్టించుకోవద్దు." రోజుకు చాలాసార్లు వస్తుంటే డాక్టరుకు చెప్పండి. తక్కువ మోతాదు మందులకే చాలామందిలో బాగా తగ్గుతుంది. ఈ మందులున్న సంగతి తెలియక ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసిన కుటుంబాలను చూస్తే నాకు బాధేస్తుంది.

ఏడవడు, తిట్టడు. ఒక మూల కూర్చుని ఉంటాడు. "నేను మీకు భారం" అంటాడు. ఇంత జబ్బు చేశాక దిగులు మామూలే కదా?

దిగులు మామూలే. వారాల తరబడి తిండీ నిద్రా పోయి, నచ్చినవేవీ నచ్చక, "భారం" అన్న మాట వస్తుంటే అది డిప్రెషన్. స్ట్రోక్, అంటే ఈ పక్షవాతమే, వచ్చినవాళ్ళలో సుమారు ముగ్గురిలో ఒకరికి వస్తుంది. ధైర్యం లేక వచ్చేది కాదు. కొంత జరిగిన నష్టం వల్ల, కొంత మెదడులోని దెబ్బ వల్ల వస్తుంది. దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. మందు పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు "పనిచేయట్లేదు" అని ఆపేయకండి.

ఈ మాట రైతు ఇళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. నిమ్మతోటకో పొగాకుకో వరికో తెచ్చిన పురుగుమందు డబ్బా వసారాలో ఉందా? ఈ రోజే తీసేయండి. తాళం వేసిన చోట పెట్టడం కన్నా ఇంట్లో లేకుండా చెయ్యడం మంచిది. "చచ్చిపోతే బాగుండు" అన్న మాట విన్న రోజు ఆయన్ను ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చావు గురించి అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడతారు. పుట్టదు. అడిగితేనే మనసులో ఉన్నది బయటికి వస్తుంది.

దిగులు లేకుండా ఉత్సాహం మాత్రమే పోయినవాళ్ళు వేరే ఉన్నారు. కూర్చోబెడితే కూర్చుంటారు, పెడితే తింటారు, బాధా ఉండదు. అది సోమరితనం కాదు, పని మొదలుపెట్టే చోటు దెబ్బతినడం. వాళ్ళను "నడుస్తావా?" అని అడిగితే "వద్దు" అంటారు. అడగకుండా చెప్పులు ముందు పెట్టి "లే నాయనా, పోదాం" అనండి, లేస్తారు. ఇది నేను రోజూ చేసే పని.

డిప్రెషన్ మందు ముందుజాగ్రత్తగా వేసుకుంటే చెయ్యి త్వరగా వస్తుందని కొందరు విని ఉంటారు. 2018లో బ్రిటన్‌లో 3,127 మంది మీద చేసిన పరీక్షలో ఫ్లుయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు వల్ల చెయ్యీ కాలూ కోలుకోవడంలో తేడా రాలేదని తేలింది. పైగా ఎముకలు విరగడం కొంచెం ఎక్కువైంది. డిప్రెషన్ ఉన్నవాళ్ళకు మాత్రం మందు అవసరమే.

పల్లెత్తు మాట అనని మనిషి ఇప్పుడు కంచం విసిరికొడుతున్నాడు. పనమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు. ఎవరికి చెప్పుకోవాలి?

నాకు చెప్పారు కదా, మంచి పని చేశారు. తర్వాత డాక్టరుకు చెప్పండి, ఏదీ దాచకుండా.

నుదురు వెనక ఉండే మెదడు భాగం మన మాటకూ చేతకూ బ్రేకు. అది దెబ్బతింటే మనసులోకి వచ్చింది అలాగే బయటికి వస్తుంది. "ముసలితనంలో అసలు బుద్ధి బయటపడింది" అంటారు ఊళ్ళో. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి అసలు బుద్ధి భార్యకు తెలియదా?

ఒక నోటు పుస్తకం పెట్టండి. కోపం వచ్చిన ప్రతిసారీ టైము, అంతకు ముందు ఏం జరిగిందో రాయండి. పది రోజులు రాస్తే ఎక్కువ ఇళ్ళలో ఒక దారి కనపడుతుంది: ఆకలి, మూత్రం ఆపుకోవడం, భుజం నొప్పి, ఇంటి నిండా మనుషులు, లేదా వ్యాయామం అయ్యాక అలసట. కోవూరులో ఒకాయన కోపమంతా సాయంత్రం ఐదింటికే. పిల్లలు బడి నుంచి వచ్చి టీవీ పెట్టే వేళ అది. ఆ గంట ఆయన్ను వెనక వసారాలో వేపచెట్టు కింద కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. మందు మార్చకుండానే సగం తగ్గింది. కోపం లేచాక మాత్రం ఎదురు చెప్పకండి, పక్కకు వెళ్ళిపోండి. చల్లబడ్డాక పాఠం చెప్పకండి. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసిటామ్ అనే మందు కొందరిలో చిరాకు పెంచుతుంది. అది వాడుతుంటే సొంతంగా ఆపకుండా డాక్టరును అడగండి.

పనమ్మాయి విషయంలో జబ్బు అన్న మాట సరిపోదు. ఆ అమ్మాయిని ఆయన గదిలోకి ఒంటరిగా పంపకండి. ఆయన చెయ్యి వేసినప్పుడు గట్టిగా, ఒక్క మాటలో "వద్దు" అని చెయ్యి తీసేయండి. జబ్బు ఎవరిదైనా ఆమెకు కలిగిన భయం నిజం.

డబ్బు కూడా ఇందులోకే వస్తుంది. ఫోన్‌లో డబ్బు పంపే పరిమితి తగ్గించండి. ఓటీపీ ఎవరికి చెబుతున్నాడో గమనించండి.

పొలం రిజిస్ట్రేషన్ ఉంది. ఇప్పుడు వేలిముద్ర వేయించొచ్చా?

తాను ఏ కాగితం మీద వేస్తున్నాడో, దానివల్ల ఏం జరుగుతుందో ఆయనకు అర్థమవుతుందా అన్నదే అసలు సంగతి. మనసు స్థిమితంగా లేనప్పుడు చేసిన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. పవర్ ఆఫ్ అటార్నీకీ అంతే. మాట రానంత మాత్రాన అర్థం కాదనుకోవడమూ తప్పే. తల ఊపి, వేలు చూపించి తన ఇష్టం చెప్పగలిగే మనిషిని పక్కన పెట్టి నిర్ణయాలు తీసుకోకండి. తొందర లేకపోతే మూడు నెలలు ఆగండి. తొందరుంటే డాక్టరు సర్టిఫికెట్టు, వకీలు సలహా తీసుకోండి.

పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండదు. ఇది అల్జీమర్సా?

కాకపోవచ్చు. స్ట్రోక్ తర్వాతి మతిమరుపు తరచుగా మెట్లు దిగినట్టు దిగుతుంది: ఒక దెబ్బకు ఒక మెట్టు, తర్వాత కొన్నాళ్ళు నిలకడ. జ్ఞాపకం కన్నా ముందు దెబ్బతినేది పని వరుస. కాఫీ పెట్టడం వచ్చు, కానీ పొడి ముందా పాలు ముందా అని తికమక. చిట్టా లెక్క వచ్చు, రెండు పనులు ఒకేసారి పెడితే రెండూ పోతాయి.

ఆసుపత్రిలో గడియారం బొమ్మ గీయమంటారు, తారీఖు అడుగుతారు. బడికి పోని రైతు తారీఖు చెప్పలేకపోతే ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. ఆయన ఎన్నడైనా తారీఖు చూసి నాట్లు వేశాడా? ఏ కార్తె నడుస్తోందో అడిగి చూడండి. మీ పక్కింటి గేదె ఈనిందా, మొన్న పంచాయితీలో ఎవరు గెలిచారు, ఇలాంటివి అడగండి. చదువు లేని మనిషి అని డాక్టరుకు ముందే చెప్పండి, దానికి తగ్గ పరీక్షలున్నాయి.

ఒక లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి. మొదటి స్ట్రోక్ తర్వాత కొత్తగా డిమెన్షియా వచ్చేది సుమారు పదిమందిలో ఒకరికి. మళ్ళీ స్ట్రోక్ వస్తే అది మూడింట ఒక వంతు దాటుతుంది. అంటే బీపీ మాత్ర, షుగర్ మాత్ర, రక్తం పలచబడే మాత్ర మతిని కాపాడే మాత్రలు కూడా. "ఇప్పుడు బాగుంది కదా" అని ఆరో నెలలో ఆపేస్తారు. పావురం రక్తం పూయించి, నాటు మందు మింగించి, ఇవి మానేసిన ఇంటికి నేను రెండోసారి వెళ్ళాల్సి వచ్చినప్పుడు నాకు ఎంత కోపం వస్తుందో చెప్పలేను. బీడీ, చుట్ట, సిగరెట్ పూర్తిగా ఆపాలి. ఆవకాయా ఎండుచేపలూ బీపీ ఉన్నవాళ్ళకు రోజూ వద్దు.

నిన్నటిదాకా బాగున్నాడు. రాత్రి నుంచి గోడ మీద ఎవరో ఉన్నారంటున్నాడు. గాలి సోకింది, జొన్నవాడ తీసుకెళ్ళమంటున్నారు.

జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో నిద్ర చేస్తే మనసు కుదుటపడుతుందని మన వైపు తరతరాల నమ్మకం. నేనూ దణ్ణం పెట్టుకునే గుడే అది. తప్పకుండా వెళ్ళండి. కానీ ముందు ఆసుపత్రికి వెళ్ళండి, ఈ రోజే.

మతిమరుపు మెల్లగా వస్తుంది. ఒక్క రోజులో మనిషి తారుమారైతే ఒంట్లో ఏదో జరిగిందని అర్థం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నెమ్ము, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్త మందు పడకపోవడం, మలబద్ధకం, ఫిట్స్, లేదా ఇంకో స్ట్రోక్. రోహిణి కార్తె ఎండల్లో నీళ్ళు తక్కువ తాగిన పెద్దవాళ్ళలో ఇది ఎక్కువ చూస్తాను. వీటిలో చాలావాటికి రక్త, మూత్ర పరీక్షలతో కారణం దొరుకుతుంది, వైద్యం చేస్తే మనిషి తేరుకుంటాడు. వేపమండలతో కొట్టనివ్వకండి, గదిలో పెట్టి తాళం వేయకండి.

మూతి వంకర, చెయ్యి జారిపోవడం, మాట తడబడడం, నడకలో తూలడం ఉన్నట్టుండి వస్తే 108కు ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ గంటలు పొద్దున లేచి చూసినప్పటి నుంచి లెక్క కాదు, చివరిసారి మామూలుగా కనపడినప్పటి నుంచి.

ఇలా హఠాత్తుగా కాకుండా, రోజూ పొద్దు వాలగానే తికమకపడేవాళ్ళుంటారు. పగలు నిద్ర తగ్గించండి, ఉదయం ఎండలో కూర్చోబెట్టండి, చీకటి పడకముందే లైట్లు వేయండి.

ఏం చేయకుండానే అలసిపోయాడంటాడు. నిజమేనా?

నిజమే. పని చేస్తే వచ్చే అలసట కాదిది, మెదడు అలసట. పది నిమిషాలు నలుగురి మాటలు వింటే చాలు. కష్టమైన పని పొద్దున పెట్టండి, చుట్టాలను ఒక్కొక్కరినే రమ్మనండి.

చేపల పులుసు పెట్టొచ్చా?

తినేటప్పుడు దగ్గు, పొలమారడం, తిన్నాక గొంతు గరగరలాడడం ఉంటే డాక్టరు చూసేదాకా వద్దు. అవి లేకపోయినా, ఆత్రంగా తినేవాళ్ళకూ బుగ్గలో స్పర్శ లేనివాళ్ళకూ ముల్లు తెలియదు. ముల్లు తీసి, చిన్న ముద్దలుగా, ఒక ముద్ద మింగాకే ఇంకొకటి పెట్టండి. చివర్లో బలం లేని పక్క బుగ్గలో వేలు పెట్టి చూడండి, అన్నం అక్కడే ఉండిపోతుంది.

బండి నడపొచ్చా?

ఎడమ పక్క ధ్యాస లేకపోయినా, సగం చూపు పోయినా, ఫిట్స్ వచ్చినా వద్దు. మిగతావాళ్ళు డాక్టరు సరే అన్నాకే. తాళంచెవి దాచి గొడవపడేకన్నా, "డాక్టరు వద్దన్నాడు" అని చీటీ మీద రాయించుకుంటే మీ మీద కోపం రాదు.

ఎన్నాళ్ళకు మునుపటి మనిషి అవుతాడు?

వేగంగా కోలుకునేది మొదటి మూడు నెలలు, తర్వాత ఆరు నెలల దాకా కొంచెం నెమ్మదిగా. ఆ తర్వాత తలుపులు మూసుకుపోవు. మాట విషయంలో ఏళ్ళ తర్వాత కూడా మెరుగైనవాళ్ళున్నారు. కొన్ని తిరిగి రావు. రెండో ఏడు వచ్చినా "మునుపటిలా" అన్న మాటే పట్టుకున్న ఇళ్ళలో, వచ్చిన మార్పు ఎవరికీ కనపడదు. నిరుడు గ్లాసు చూపించలేనివాడు ఇప్పుడు "నీళ్ళు" అంటున్నాడు, అది చూడరు.

ఎక్కడికి వెళ్ళాలి? సర్టిఫికెట్టూ పింఛనూ వస్తాయా?

నెల్లూరు దర్గామిట్టలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. ఒంగోలు వైపువాళ్ళకు రిమ్స్ అని అందరూ పిలిచే సర్వజన ఆసుపత్రి. ఓపీలో కాలు చెయ్యి గురించే చెప్పి వచ్చేయకండి. మాట, మతి, కోపం, నిద్ర అని నాలుగు ముక్కలు చీటీ మీద రాసుకుని వెళ్ళి, సైకియాట్రీకీ స్పీచ్ థెరపీకీ రాయమని అడగండి. మైసూరులో అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. వెళ్ళగలిగినవాళ్ళకు అవి మంచి చోట్లు.

సర్టిఫికెట్టు చెయ్యీ కాలూ పడినవాళ్ళకే అనుకుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద గుర్తించిన 21 వైకల్యాల్లో, మెదడు దెబ్బ వల్ల శాశ్వతంగా మాట పోవడం కూడా ఉంది. 40 శాతం, ఆపైన ఉండాలి. ఈ సర్టిఫికెట్టు కోసం చేసే సదరం పరీక్షకు స్లాటు గురించి మీ సచివాలయంలో అడగండి. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000 రూపాయలు. అర్హత వాళ్ళే తేలుస్తారు, అడగడం మన పని.

ఒక్కోసారి ఈయన పోతే బాగుండు అనిపిస్తుంది మేడమ్. నేను పాపిష్టిదాన్నా?

కాదు. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళందరూ, భర్తకు మూడుపూటలా తినిపించి, రాత్రి నాలుగుసార్లు లేచి, పొద్దున నాకు టీ పెట్టి ఇచ్చినవాళ్ళే. చెయ్యనివాళ్ళకు ఈ ఆలోచన రాదు. మీకు వచ్చింది ఆయన చావు మీద కోరిక కాదు, ఒక్క రాత్రి పూర్తి నిద్ర మీద కోరిక. ముందున్న మనిషి కళ్ళ ముందే ఉండి కూడా లేకపోవడం ఒక రకం చావే. దానికి పెద్దకర్మ ఉండదు, ఓదార్చడానికి చుట్టాలు రారు.

హైదరాబాదులో ఉన్న కొడుకు డబ్బు పంపుతున్నాడు, మంచిదే. వారానికి ఒక రాత్రి ఎవరు ఆయన పక్కన పడుకుంటారో కూడా అతనే తేల్చాలి. అది మీరు అడగలేకపోతే నాకు నంబరివ్వండి, నేను మాట్లాడతాను. 14416 మీకు కూడా పనికొస్తుంది, రోగి కోసమే చెయ్యాలని ఏమీ లేదు.

ఈసారి నేను వచ్చినప్పుడు గేటు దగ్గర కాదు, లోపల కూర్చుని మాట్లాడుకుందాం. బీపీ మిషన్ నా సంచిలోనే ఉంటుంది. ముందు మీది చూస్తాను.